చెరువు కట్ట మీద ట్యాంకు

నల్గొండలో సాయంత్రం పూట ఫోన్లలో షూటింగ్ గేములు ఆడే కుర్రాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఒక ఫిర్యాదు తప్పక వినబడుతుంది: బండి దొరికినవాడిదే ఆట, కాలినడకన ఉన్నవాడి పని అయిపోయినట్టే. కంప్యూటర్‌పై బాటిల్‌ఫీల్డ్ ఆడేవారిదీ ఇదే బాధ. కాకపోతే అక్కడ జీపు స్థానంలో ట్యాంకు ఉంటుంది. అందరూ అడిగేది ఒకటే: ట్యాంకు కవచం తగ్గించండి, లేదా రాకెట్ దెబ్బ పెంచండి. అంకెలు మార్చడం తేలిక కాబట్టి తయారీదారులు కూడా ముందు ఆ దారే పడతారు. ఆ దారి తప్పు అని నా గట్టి నమ్మకం. ట్యాంకును సరిచేయాలంటే ముందు అది తిరిగే నేలను సరిచేయాలి.

2021 నవంబర్‌లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 2042 సంగతి చూడండి. 2002లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 1942లో ఒక మ్యాపులో, అంటే ఆట జరిగే మైదానంలో, గరిష్ఠంగా 64 మంది ఆడేవారు. కొత్త గేమ్ ఆ సంఖ్యను 128కి పెంచి, అంతమంది పట్టేలా మ్యాపులను సాగదీసింది. సాగదీసిన చోటును మాత్రం నింపలేదు. ఒక స్థావరం నుంచి మరో స్థావరానికి పరిగెత్తే ఆటగాడికి దారిలో ఒక బండరాయి లేదు, ఒక గుంత లేదు. నేల మీదా నీటి మీదా తేలుతూ పోయే హోవర్‌క్రాఫ్ట్ మరీ బలంగా ఉందని గోల లేస్తే దాని బలం తగ్గించారు. మైదానం మాత్రం అలాగే బోసిగా ఉండిపోయింది. చివరికి 2022లో కాలిడోస్కోప్, రెన్యూవల్ వంటి మ్యాపుల నేలనే మార్చి, చాటు పెంచాల్సి వచ్చింది. పబ్జీ ఎడారి మ్యాపు మిరామార్‌కూ 2018లో అదే వైద్యం జరిగింది.

మ్యాపు గొప్పతనాన్ని చదరపు కిలోమీటర్లలో చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఆర్మా 3 అనే యుద్ధ గేములోని ఆల్టిస్ దీవి దాదాపు 270 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అయినా అక్కడ ట్యాంకుకు ఎదురులేదని ఎవరూ అనరు, ఎందుకంటే ప్రతి మలుపులో ఒక గుట్టో ఊరో దాని చూపును ఆపుతుంది. కొలవాల్సింది చూపును. నడిచేవాడు ఎంతసేపు కంటపడతాడు, ఎన్ని దిక్కుల నుంచి కంటపడతాడు అన్నది మ్యాపు గీసేవారు మొదట తేల్చుకోవాలి.

ఈ లెక్క మన ఉమ్మడి జిల్లా నేలకు కొత్త కాదు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన సైనిక చర్య ఆపరేషన్ పోలో సమయంలో బెజవాడ వైపు నుంచి వచ్చిన భారత సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేట మీదుగా సాగింది. వెనక్కు తగ్గుతున్న హైదరాబాద్ సంస్థాన సేనలు మూసీ మీద వంతెనను పేల్చేశాయి. కానీ ఆ వంతెనను కాల్పులతో కాపాడే ఏర్పాటు చేయలేదు. దాంతో సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుని ముందుకు కదిలింది. కాపలా లేని అడ్డంకి అడ్డంకి కాదని సైనికులకు తెలిసిన విషయమే. గేములో నది గీసి, వంతెన పెట్టి, దానిపైకి గురి కుదిరే మిట్టను మరచిపోయే డిజైనర్లు ఈ ఒక్క సంఘటనను తీరిగ్గా చదవాలి.

నేను మ్యాపు గీస్తే మాత్రం వంతెనతో మొదలుపెట్టను. చెరువుతో మొదలుపెడతాను. నల్గొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం చెరువు కట్ట మీద నిలబడి చూడండి. ఒక పక్క నీళ్లు, మరో పక్క ఆయకట్టు మళ్లు. ఈ కట్ట మీదికి ఒక ట్యాంకును ఎక్కించామనుకోండి. దూరాన ఉన్న ఊరు, రోడ్డు, పొలాలు అన్నీ దాని గురిలోకి వస్తాయి. రాజులా ఉంటుంది. అయితే ట్యాంకు గొట్టం పైకి లేచినంతగా కిందికి వంగదు, నిజమైన ట్యాంకులకు కూడా ఉన్న పరిమితి ఇది. కట్ట వాలులో, తాటిచెట్ల మొదళ్లలో పడుకున్న ఇద్దరు మనుషులను అది కాల్చలేదు. పైగా ఆకాశానికి ఎదురుగా నిలబడుతుంది కాబట్టి ఊళ్లో ఉన్న ప్రతివాడికీ అది కనిపిస్తుంది. నీళ్లవైపు దిగలేదు. పొలాల్లోకి దిగితే బురద. మిగిలినవి కట్ట రెండు కొసలు, ఒక కొసన చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి. అక్కడ రెండు మందుపాతరలు పెడితే ట్యాంకు నడిపేవాడు తన తోటి ఆటగాళ్లను ముందు నడవమని బతిమాలుకోవాలి.

ఇక్కడ ఒక్క అంకె కూడా మారలేదని గమనించండి. కవచం అంతే, రాకెట్ అంతే. దూరం నుంచి ట్యాంకుకు ఎంత పైచేయి ఉందో, దగ్గరికి వస్తే మనిషికి అంత పైచేయి ఉంది. ఆ దగ్గరికి చేరడానికి తూము కాలువ దారి ఇస్తుంది. వంగి నడిస్తే తల కనిపించనంత లోతు ఉంటే చాలు.

చాటు ఎక్కువైతే ట్యాంకు నడిపేవారికి ఆటలో పస ఉండదని కొందరు వాదిస్తారు. ఆ వాదనను నేను తీసిపారేయను. ఇరుకు సందుల్లో ట్యాంకును ఇరికించి రాకెట్లకు బలిచ్చే మ్యాపులు నాకూ నచ్చవు. అందుకే చాటు ఒకే రకంగా ఉండకూడదు. మన నల్లరాతి గుట్టలు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. నల్గొండ పక్కన లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటి బండల మధ్య మనిషి ఎక్కగలడు, బండి ఎక్కలేదు. గుట్ట చుట్టూ చదునుగా ఉండే చెలకలో బండి స్వేచ్ఛగా తిరుగుతుంది, మనిషి తిరగలేడు. ఎవరి రాజ్యం వారిదే. ఇద్దరూ తలపడాల్సింది ఆ రెండూ కలిసే అంచున, సీతాఫలం పొదల దగ్గర.

ఎడారులు, మంచు మైదానాలు, కూలిన ఐరోపా నగరాలు ఎన్నో ఆడాం. చెరువు, కట్ట, మత్తడి, గుట్ట ఉన్న ఒక దక్కను ఊరిని ఎవరైనా గీయాలని నా కోరిక. దూరంగా కూర్చుని ఊహించి గీసే పని కాదిది. ఇక్కడి కట్టల మీద నడిచి పెరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్లు చాలామంది ఉన్నారు. స్థావరాలు మూడు చాలు: ఊరి గుడి, మత్తడి, గుట్ట మీది బురుజు. ట్యాంకు ఒక్కో జట్టుకు ఒకటి.