పుట్టుమచ్చలు రాసుకుంటారు, పుట్టిన పిల్లల్ని?

మనోవర్తి కట్టని మగాణ్ని జైల్లో వేయాలా వద్దా అన్న వాదన మనకు కొత్త కాదు. ఇప్పటికే జైల్లో ఉన్నవాడి పిల్లలకు కూడు ఎవరు పెట్టాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ప్రభుత్వం పెట్టాలి. పెట్టి, ఆ లెక్క తండ్రి పేరున రాసుకోవాలి. అతను బయటికొచ్చాక వసూలు చేసుకునే తిప్పలు ప్రభుత్వం పడాలి గానీ పిల్లలు కాదు.

చట్టం సంగతి తెలిసిందే. మనోవర్తి ఇప్పించే పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 125 సెక్షను 2024 జూలై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది. అంకె మారింది, తీరు మారలేదు. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని సుప్రీంకోర్టు కుల్‌దీప్ కౌర్ కేసులో ఎప్పుడో తేల్చేసింది. మంచిదే, బాకీ బతికే ఉంటుంది. బాకీని పొయ్యి మీద పెట్టి వండుకోలేం కదా! పైగా బకాయి పడిన ఏడాదిలోపు పిటిషన్ వేయకపోతే ఆ మొత్తానికి వారెంట్ రాదు. అంటే మరో కేసులో మూడేళ్లు లోపల ఉన్నవాడి మీద, పైసా రాదని తెలిసి కూడా, ఆ తల్లి ఏటేటా లాయరు ఫీజు కట్టి కాగితం వేస్తూనే ఉండాలి. పలాసలో జీడి గింజలు ఒలిచి, ఆ జీడి నూనెకు వేళ్లు కాల్చుకునే మనిషికి ఇదెంత పనో కోర్టు మెట్లెక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఖైదీకి జైల్లో కూలీ వస్తుంది కదా, అందులోంచి కోయండి అంటారు. ఖైదీల పనికి న్యాయమైన కూలీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. అందులో కొంత బాధితులకు వెళ్లేలా చట్టం చేయమని కూడా అంది. బాగానే ఉంది. కానీ 2022 నాటి జాతీయ లెక్కల్లో మన జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. శిక్షే పడనివాడికి చేసి తీరాల్సిన పనీ లేదు, దాని కూలీ లేదు. ఏజెన్సీ నుంచి గంజాయి మూట మోస్తూ దొరికిన కుర్రాడి సంగతే చూడండి. ఆ సరుకు 20 కిలోలు దాటితే బెయిల్ గగనమే. అతని కూలీలోంచి ఏం కోస్తారు?

అమెరికా 2016లో తన రాష్ట్రాలకు ఒక రూలు పెట్టింది. జైల్లో ఉండటాన్ని కావాలని పని మానేయడంగా లెక్కగట్టి మనోవర్తి వేయొద్దని. మన దగ్గరా పరిస్థితులు మారితే మొత్తం తగ్గించమని అడిగే దారి 146వ సెక్షనులో ఉంది. ఇదంతా తండ్రికి ఊరట. పిల్ల కంచంలో మాత్రం ఇంకో ముద్ద తగ్గింది. జర్మనీ ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పింది. తండ్రి కట్టకపోతే ప్రభుత్వమే పిల్లకు అడ్వాన్సుగా ఇచ్చి, ఆ తర్వాత తండ్రి వెంట పడుతుంది. 1980 నుంచి అక్కడ నడుస్తున్న పద్ధతి అది.

అంత దూరం పోనక్కర్లేదు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకెళ్లింది. ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వాళ్లూ అందులో ఉన్నారు. పదమూడు నెలలకు పైగా ఆ ఇళ్లలో సంపాదించే మనిషి లేడు. 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన 20 మందికి ప్రభుత్వం తలా 5 లక్షలు ఇచ్చింది. సరైన పని చేసింది. సంపాదించేవాడు జైల్లో ఉంటే ఇల్లు ఏమవుతుందో సర్కారుకు తెలియదని ఇక ఎవరూ అనలేరు. కరాచీ జైలైతే తెలిసింది. మన శ్రీకాకుళం దగ్గరి అంపోలు జైలైతే ఎందుకు తెలియదు?

వాళ్లు నేరం చేయలేదు, వీళ్లు చేశారు, నేరస్తుడి పిల్లలకు మా పన్నులా అంటారు. కోపం అర్థమవుతుంది. అయితే నేరం చేసిన ఆ మనిషికి మూడు పూటలా తిండి పెడుతున్నది ఆ పన్నులే. ఏ నేరమూ ఎరగని గుంటల దగ్గరే లెక్క గుర్తొస్తే ఎలా?

కొత్త పథకం కూడా అక్కర్లేదు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4 వేల స్పాన్సర్‌షిప్ ఉంది. ఏడాది ఆదాయం పల్లెల్లో 72 వేలు, పట్టణాల్లో 96 వేలు మించకూడదు. పిల్లల్ని సాకలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రుల గురించి అందులో మాట ఉంది. రిమాండ్‌లో ఉన్నవాడు ఆ మాటలో ఇమడడా? ఢిల్లీ ప్రభుత్వం 2014లో ఏకంగా ఖైదీల పిల్లల కోసమే పథకం పెట్టింది. ఇక్కడ కావాల్సింది ఒక్క కాగితం. జైలు గేటు దగ్గర మనిషిని దించుకునేటప్పుడు ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకుంటారు. ఆ పక్కనే పిల్లలెంతమంది, వయసులెంత, ఎవరి దగ్గరున్నారు అని రాసి అదే వారం జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పంపితే చాలు. ములాఖత్ కోసం చంటిబిడ్డను చంకనేసుకుని ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఆడమనిషి మళ్లీ ఆ ఆఫీసు ఎక్కడో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

నిజానికి మా ఉత్తరాంధ్ర జిల్లాల్లో తండ్రి ఇంట్లో లేకపోవడం జైలుతో మొదలైంది కాదు. చెన్నైలో సెంట్రింగు పని, హైదరాబాదులో వాచ్‌మన్ గది, గుజరాత్ వెరావల్‌లో బోటు. పిల్లల్ని పెంచేది నాయనమ్మలు, అమ్మమ్మలు. ఈ వలస గురించి ఎన్నిసార్లు రాసినా నాకు తీరదు, ఎందుకంటే ప్రభుత్వానికి మగాడు రెండు చోట్లే కనిపిస్తాడు. బియ్యం కార్డులో, లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రంలో. చనిపోతే వితంతు పింఛను వస్తుంది. బతికి ఉండి ఇంటికి చేరనివాడు, వలసలోనో జైల్లోనో ఉన్నవాడు, కాగితం మీద ఇంకా ఇంటిపెద్దే.

ఆ కార్డులో పేరున్నందుకు అతని వంతు ఐదు కిలోల బియ్యమైనా ఇంటికి వస్తాయి. ఈకేవైసీ అడిగేదాకా. వేలిముద్ర వేయించమంటారు. వేలేమో అంపోలులో ఉంటుంది.