సవరణ: తిరుపతి జనాభా, తీరం, ముంపు

మొన్నటి పోస్టులో తిరుపతి 4.6 లక్షల జనాభా ఉన్న తీర నగరం అని ఉంది. 2011 లెక్కల్లో ఆ సంఖ్య చుట్టుపక్కల ఊళ్లను కలిపిన పట్టణ ప్రాంతానిది. కార్పొరేషన్ వరకే అయితే సుమారు 2.87 లక్షలు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు శ్రీహరికోట వైపు తీరం ఉంది, నగరానికి లేదు. ఈ తేడా చిన్నదేం కాదు. ఇక్కడ ముంపు సముద్రం నుంచి రాదు, శేషాచలం కొండల మీద నుంచి దిగే వాననీటితో వస్తుంది. 2021 నవంబరులో వీధులు మునిగింది అలాగే. పైగా రోజూ వచ్చిపోయే వేలాది మంది యాత్రికులు ఈ జనాభాలో లేరు. నీళ్లు, చెత్త, బస్టాండు దగ్గర రాత్రి గస్తీ, ఏది చూసినా వాళ్లనూ కలుపుకోవాల్సిందే. వానల్లో అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే దయచేసి బండి దింపకండి, 112కి ఫోన్ చేయండి.