99 శాతం దగ్గర కాపురం పెట్టిన లోడింగ్ బార్‌కి ఒక గేమర్ బహిరంగ లేఖ

శ్రీ లోడింగ్ బార్ గారికి,

ఒక గేమర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా 99 శాతం క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మిగతా ఆ ఒక్క శాతం గురించి మాట్లాడదామనే ఈ ఉత్తరం. మర్యాదలు ఇక్కడితో చాలు, ఎన్నేళ్ల నుంచో గేమ్ మొదలయ్యేదాకా నీ మొహమే చూస్తూ కూర్చుంటున్నా కాబట్టి ఇక నువ్వు అనేస్తా, ఏమీ అనుకోకు. అనుకున్నా నువ్వు చేసేదేముందిలే, మహా అయితే ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెడతావ్, అది ఎలాగూ చేస్తావ్.

ముందే చెప్తున్నా, నాకు వెయిట్ చేయడంతో గొడవ లేదు. పెద్ద ప్రపంచం, బోలెడు చెట్లు, గుర్రాలు, వాన, ఇవన్నీ డిస్క్ మీద నుంచి మెమరీలోకి రావాలంటే టైం పడుతుంది, ఆ మాత్రం తెలుసు. నా గొడవ నువ్వు చెప్పే కాకి లెక్కలతో. సున్నా నుంచి 80 దాకా ఎవరో తరుముతున్నట్టు పరిగెడతావ్, నేనూ ఆహా అనుకుని ఫోన్ పక్కన పెట్టి, కంట్రోలర్ తీసి, హెడ్‌సెట్ సర్దుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంటా, సరిగ్గా అప్పుడు 99 దగ్గర ఆగిపోతావ్. ఉలుకూ లేదు పలుకూ లేదు. హ్యాంగ్ అయ్యావో బతికున్నావో తెలీదు. రీస్టార్ట్ చేద్దామా అంటే ఇంకో సెకన్లో అయిపోతుందేమో అని ఆశ, ఆగుదామా అంటే రాత్రంతా ఇలాగే ఉంటుందేమో అని భయం. బొంకరా బొంకరా పోలిగా అంటే టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్నాడంట వెనకటికొకడు, వాడికి ఈ కాలంలో ఉద్యోగం కావాలంటే నీ సీట్లో కూర్చోబెట్టొచ్చు.

నువ్వు అలా ఎందుకు ఆగుతావో కూడా తెలుసుకున్నాలే. చాలా గేముల్లో నువ్వు టైం కొలవవు, ఎన్ని పనులు అయ్యాయో లెక్కపెడతావంతే. చిన్న ఐకాన్ లోడ్ అయినా ఒక పనే, నగరం మొత్తం టెక్స్చర్లు, అంటే గోడలకీ రోడ్లకీ అతికించే బొమ్మలు, లోడ్ అయినా ఒక పనే. చిన్నవన్నీ ముందు గబగబా తోసేసి మార్కులు కొట్టేస్తావ్, తర్వాత అసలు బరువు నెత్తిన పడేసరికి కూలబడతావ్. ఫైళ్లు చదవడం అయినా వాటిని విప్పాలి, ఎక్కడివక్కడ నిలబెట్టాలి, ఆన్‌లైన్ గేమైతే సర్వర్ పలకాలి, అవతల ఎవడో పాత మెషీన్ వాడు లోడ్ అయ్యేదాకా అందరూ ఆగాలి, ఇవన్నీ కలిపి నీ భాషలో ఒక్క శాతం. ఇది కూడా పర్లేదు, అసలు దేనికీ కనెక్షన్ లేకుండా ఊరికే ఇంత టైంలో ఇంత జరుగు అని యానిమేషన్ పెట్టేసిన బార్లు ఉన్నాయి చూడు, వాటినేం అనాలో నాకు తెలీదు.

ఇదంతా మా బలహీనత కనిపెట్టేసిన ఫలితం. 1985లో బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు ఎంత శాతం పూర్తయిందో చూపించే బార్ల మీద ఒక పేపర్ రాశాడు, ఏమీ కనిపించకుండా ఆగడం కంటే ఇలాంటిది కళ్ల ముందు ఉండటమే జనానికి ఇష్టం అని తేలింది. సరిగ్గా అదే ఏడాది సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది, మొత్తం గేమ్ 40 కిలోబైట్లు, కార్ట్రిడ్జ్ పెట్టి పవర్ నొక్కితే టైటిల్ వచ్చేసేది, నీతో పనే లేదు. ఒకే సంవత్సరంలో నువ్వు అవసరమే లేని గేమూ వచ్చింది, నీకు సర్టిఫికెట్ ఇచ్చిన పరిశోధనా వచ్చింది. ఎవరు గెలిచారో కనిపిస్తూనే ఉంది.

మీ వంశంలో అందరూ నీలాంటోళ్లు కాదు, అది ఒప్పుకోవాలి. క్యాసెట్ కాలంలో, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి కంప్యూటర్లలో, లోడ్ అవుతుంటే స్క్రీన్ అంచుల చుట్టూ రంగురంగుల చారలు, చెవులు చిల్లులు పడే కీచు శబ్దం, నిమిషాల తరబడి అదే తంతు. భయంకరమే కానీ నిజాయితీ ఉంది, ఆ చారలూ ఆ మోతా టేప్ మీద నుంచి నిజంగా వస్తున్న డేటావే. తర్వాత సీడీలు వచ్చాయి, చోటు బోలెడు కానీ వేగం లేదు, మొదటి ప్లేస్టేషన్ డ్రైవ్ సెకనుకి 300 కిలోబైట్లు చదివేది, మెయిన్ మెమరీ 2 మెగాబైట్లు, అంటే గది మారితే పాత గదిని పారేసి కొత్తది తెచ్చుకోవాల్సిందే. 1996లో రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ గేమ్ వాళ్లు ఏం చేశారో చూడు, నిన్ను పెట్టకుండా ఒక తలుపు పెట్టారు. చుట్టూ చీకటి, తలుపు మెల్లగా కిర్రుమంటూ తెరుచుకుంటుంది, వెనకాల డిస్క్ తిరుగుతోంది, మనకేమో అవతల ఏముందో అని గుండె దడ. లోడింగ్ టైంనే భయంగా మార్చేశారు! మెట్రాయిడ్ ప్రైమ్‌లో తలుపుని షూట్ చేస్తే వెంటనే తెరుచుకోదు, అవతలి గది రెడీ అయ్యేదాకా అలా బిగుసుకుని ఉంటుంది. 2007 మాస్ ఎఫెక్ట్‌లో లిఫ్టులు, అబ్బో ఆ లిఫ్టులు, జనం తిట్టుకున్నారు కానీ నాకు మాత్రం ఇష్టం, పక్కన నిలబడ్డ వాళ్లు ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. 2021లో కొత్త వెర్షన్ తెచ్చి లిఫ్ట్ స్కిప్ చేసే బటన్ పెట్టారు, నేనైతే నొక్కను. 2018 గాడ్ ఆఫ్ వార్‌లో అంత భారీ హీరో సన్నని రాళ్ల సందులో పక్కకి తిరిగి ఇరుక్కుంటూ నడుస్తాడు కదా, కండలకి చోటు లేక అనుకునేరు, అవతలి ఏరియా లోడ్ అవ్వాలని.

వీళ్లెవరూ నాకు శాతం చెప్పలేదు, అందుకే ఎవరిమీదా కోపం రాలేదు.

ఈ విషయంలో మోరోవిండ్ అనే గేమ్ తీసినవాళ్లకి మాత్రం దండం పెట్టాలి. మొదటి ఎక్స్‌బాక్స్‌లో మెమరీ అయిపోతుంటే లోడింగ్ స్క్రీన్ బొమ్మ ఒకటి అడ్డం పెట్టి వెనకాల ఏకంగా కన్సోల్‌నే రీబూట్ చేసేవాళ్లంట, ఆ గేమ్ తీసిన టాడ్ హోవార్డే చెప్పాడు. అంటే మనం కాస్త ఎక్కువ సేపు లోడ్ అవుతోందేంటబ్బా అనుకుంటుంటే అవతల మెషీన్ చచ్చి మళ్లీ పుట్టి వచ్చేది. ఇంత మోసం ఇంత శ్రద్ధగా చేస్తే అబద్ధమని తెలిసినా చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. నువ్వేమో 99 దగ్గర నిలబడి గోళ్లు గిల్లుకుంటావ్.

ఆడుకోనివ్వొచ్చు కదా అంటే దానికీ ఒక కథ. ప్లేస్టేషన్ రిడ్జ్ రేసర్‌లో లోడింగ్ అవుతుంటే ఆ గేమ్ కంపెనీ నామ్కో వాళ్లు తమ పాత గేమ్ గెలాక్సియన్ ఆడించారు, ఎంత మంచి ఐడియా, వెంటనే వెళ్లి దానికి పేటెంట్ తెచ్చుకున్నారు. లోడ్ అయ్యేలోపు ఇంకో చిన్న గేమ్ ఆడుకోవడం అనే ఆలోచనకి పేటెంట్! దాని గడువు 2015 చివర్లో గానీ తీరలేదు. గేముల్లో లోడింగ్ బాగా ముదిరింది సరిగ్గా ఆ పేటెంట్ ఉన్న ఏళ్లలోనే, అప్పుడేమో మందు ఒకళ్ల బీరువాలో ఉండిపోయింది. తీరా తాళం తీసేసరికి హార్డ్ డిస్కుల కాలమే అయిపోవచ్చింది. బయోనెట్టా లాంటి గేములు లోడింగ్‌లోనే కాంబోలు, అంటే వరస దెబ్బలు, ప్రాక్టీస్ చేసుకోనిచ్చాయి, సంతోషం, మిగతా చాలామంది మాత్రం మాకు లోడింగ్ స్క్రీన్ మీద టిప్స్ ఇచ్చారు.

టిప్స్! దీని గురించి కాసేపు మాట్లాడుకోవాలి. గేమ్ అయిపోవచ్చింది, చివరి బాస్ దగ్గర ఉన్నా, ఒంటి మీద ఉన్నదంతా బెస్ట్ కవచం, అప్పుడు నువ్వు సీరియస్‌గా మొహం పెట్టి నాకు చెప్తావ్, హెల్త్ తగ్గినప్పుడు పోషన్ తాగండి అని. అవునా? ఇన్ని గంటలు నేను ఆ సీసాలు వాసన చూడ్డానికి దాచుకుంటున్నా అనుకున్నావా? ఇంకోసారి, శత్రువు దాడి చేసేటప్పుడు పక్కకి తప్పుకోండి, అది కూడా తప్పుకోలేక చచ్చిన మరుక్షణమే చెప్తావ్, చూస్తుంటే వెక్కిరింపులాగే ఉంది. నిజంగా పనికొచ్చే టిప్ ఉంటుంది చూడు, ఏ బటన్ పట్టుకుని ఇంకో బటన్ నొక్కితే బ్యాగ్ మొత్తం ఒకేసారి సర్దుకుంటుంది అన్నట్టు, అది మాత్రం సగం చదివేసరికి గేమ్ మొదలైపోతుంది. పనికిరాని టిప్‌కి రెండు నిమిషాలు, పనికొచ్చే టిప్‌కి అర సెకను, ఈ అమరిక మాత్రం ఎప్పుడూ తప్పదు, ఎవరు ప్రోగ్రాం చేశారో గానీ. 2015లో బ్లడ్‌బోర్న్ వచ్చిన కొత్తలో అయితే ఆ టిప్పులు కూడా లేవు, నల్ల స్క్రీన్ మీద గేమ్ పేరు, అంతే. ఆ గేమ్‌లో చావడం అంటే ఊపిరి తీసుకున్నంత సహజం, చచ్చిన ప్రతిసారీ అదే నల్ల స్క్రీన్, జనం మొత్తుకుంటే తర్వాత ప్యాచ్‌లో, అంటే సవరణ అప్‌డేట్‌లో, వస్తువుల వివరాలు చదువుకోమని పెట్టారు, లోడింగ్ టైం కూడా తగ్గించారు.

కానీ నీ జీవితచరిత్రలో నాకు బాగా నచ్చిన చాప్టర్ జీటీఏ ఆన్‌లైన్. 2013లో వచ్చింది, ఏళ్ల తరబడి జనం లోడింగ్‌లో నిమిషాలకి నిమిషాలు మేఘాలు చూస్తూ కూర్చున్నారు. గేమ్ పెద్దది కదా, ఆన్‌లైన్ కదా, మన పీసీ డబ్బా కదా అని అందరూ తమని తామే తిట్టుకున్నారు, కొత్త ర్యామ్ వేసుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. 2021లో ఒక ప్లేయర్ కూర్చుని, గేమ్ కోడ్ కూడా చేతిలో లేకుండా, లోపల ఏం జరుగుతోందో తవ్వి చూశాడు. దొరికిందేంటో తెలుసా? గేమ్‌లో కొనుక్కునే వస్తువుల లిస్టు. 10 మెగాబైట్ల ఫైల్, సుమారు 63,000 ఐటమ్స్. ఆ ఫైల్లో ఒక్కో ముక్క చదివిన ప్రతిసారీ మిగతా ఫైల్ చివరిదాకా ఎంత పొడుగుందో మళ్లీ కొలుస్తోంది, అది చాలదన్నట్టు ఒక్కో వస్తువు లిస్టులో చేర్చే ముందు అప్పటిదాకా చేర్చినవన్నీ మొదటి నుంచి తిరగేసి ఇది ఇప్పటికే ఉందా అని చూసుకుంటోంది. అంటే అన్నేళ్లు మనం వెయిట్ చేసింది ఆ మహానగరం కోసం కాదు, షాపువాడు సరుకు లెక్కపెట్టుకునేదాకా గుమ్మం బయట నిలబడ్డాం! ఆ ప్లేయర్ చిన్న సవరణ రాస్తే తన మెషీన్లో లోడింగ్ టైం దాదాపు 70 శాతం పడిపోయింది. గేమ్ తీసిన రాక్‌స్టార్ వాళ్లు నిజమే అని ఒప్పుకుని, ఆయనకి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చి, మార్చిలో అప్‌డేట్ వదిలారు. బాగానే ఉంది. మా టైంకి మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక అసలు విషయం. 2020లో కొత్త కన్సోళ్లు వచ్చినప్పుడు నీ పని అయిపోయింది అన్నారు. పీఎస్5, అంటే ప్లేస్టేషన్ 5లో, తిరిగే డిస్క్ బదులు పెట్టిన ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 గిగాబైట్లు చదువుతుంది, చచ్చి కళ్లు మూసి తెరిచేలోపు మళ్లీ బతికేస్తున్నాం. నేను కూడా నమ్మా. నువ్వేమో గేమ్ లోపల నుంచి బయటికొచ్చి పేరు మార్చుకుని తిరుగుతున్నావ్.

ఒక గంట ఖాళీ దొరికిందని కూర్చుంటా చూడు. పీసీలో గేములు తెరిచే యాప్, లాంచర్ ఓపెన్ చేస్తే లాంచర్‌కే అప్‌డేట్. అది అయ్యాక ఆ లాంచర్ ఇంకో కంపెనీ లాంచర్‌ని ఓపెన్ చేస్తుంది, అది నన్ను మర్చిపోయి మళ్లీ లాగిన్ అడుగుతుంది, మెయిల్‌కి కోడ్ పంపానంటుంది. తర్వాత గేమ్‌కి ప్యాచ్, డౌన్‌లోడ్ 100 శాతం అయిపోయింది అని చూపించి, ఇప్పుడు కాపీ చేస్తున్నా అని కింద నుంచి ఇంకో కొత్త బార్ మొదలుపెడతావ్. గేమ్ ఓపెన్ అయితే వరసగా కంపెనీల లోగోలు, ఎన్ని బటన్లు నొక్కినా కదలవు. అప్పుడు షేడర్లు కంపైల్ అవుతున్నాయి అంటావ్, అంటే వెలుగూ నీడా గీసే చిన్న ప్రోగ్రాములని గ్రాఫిక్స్ కార్డు భాషలోకి మార్చడం. దీనికి కారణం ఉంది, కాదనను, కన్సోల్ అయితే అందరిదీ ఒకటే చిప్ కాబట్టి ముందే సిద్ధం చేసి పంపిస్తారు, పీసీల్లో ఎవడి గ్రాఫిక్స్ కార్డు వాడిది, ఎవడి డ్రైవర్ వాడిది, కాబట్టి ఇంట్లోనే వండుకోవాలి. సరే వండుకున్నాం, ఓపిగ్గా. మర్నాడు గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ వస్తే మళ్లీ మొదటి నుంచి! తర్వాత ఏదైనా బటన్ నొక్కండి అని అడుగుతావ్, నొక్కితే మళ్లీ లోడింగ్. మరి ఇందాకటి నుంచి ఏం చేశావ్ నాయనా? అది దాటితే కొత్త సీజన్ పాప్అప్, పాత్రలకి వేసే కొత్త వేషాల, అదే స్కిన్‌ల పాప్అప్, ఇవి మాత్రం ఎంత వేగంగా లోడ్ అవుతాయంటే నీ మీద అనుమానం వచ్చేంత వేగంగా. అన్నీ అయ్యి మెనూ వచ్చేసరికి గంటలో సగం పోయుంటుంది, అప్పుడు సర్వర్‌లో చోటు కోసం క్యూ.

గేములు చాలవని ఇయర్‌బడ్స్‌లోకి కూడా దూరావ్. పాట వినే వస్తువుకి ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్, 20 శాతం, పెట్టె మూత తెరవకండి అని బెదిరింపు. కంట్రోలర్‌కి అప్‌డేట్. టీవీకి అప్‌డేట్. కీబోర్డు లైట్ల రంగు మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి కూడా నువ్వే!

నేను అడిగేది పెద్దదేం కాదు. టైం పడితే పట్టనీ, ఎంత పడుతుందో నీకే తెలీకపోతే శాతాలు చెప్పడం మానేసి ఊరికే తిరుగుతూ ఉండు, లేదా ఒక తలుపు పెట్టు, లిఫ్ట్ ఎక్కించు, పేటెంట్ కూడా తీరిపోయింది కదా ఓ చిన్న గేమ్ ఇవ్వు. ఏం చేస్తున్నావో మామూలు మాటల్లో చెప్పు, షాపు సరుకు లెక్కపెడుతున్నా అంటే అదే చెప్పు, తిట్టుకుంటూ అయినా కూర్చుంటాం. 99 దగ్గర ఆగే అలవాటు మానలేనంటే కనీసం 60 దగ్గరే ఆగు, వెళ్లి మంచినీళ్లు తాగి వస్తాం, కంట్రోలర్ పట్టుకుని శిలావిగ్రహాల్లా కూర్చోబెట్టకు.

జవాబు రాసే ఉద్దేశం ఉంటే దయచేసి లోడింగ్ టిప్ రూపంలో మాత్రం పంపకు, చదివేలోపు పోతుంది.

ఇట్లు,
సర్వర్ క్యూలో ఉన్న ఒక గేమర్