అమ్మ ఎక్కడుండాలి: ఒక లోతైన పరిశోధన

పెద్దవాళ్లు ఎవరితో ఉండాలి, ఎక్కడ ఉండాలి అనేది చాలా సీరియస్ సబ్జెక్టండి. 2020 నాటికి ప్రపంచంలో 65 దాటినవాళ్లు సుమారు 72.7 కోట్ల మందని ఐక్యరాజ్యసమితి లెక్క, అంటే ఎన్ని ఫ్యామిలీ గ్రూపుల్లో ఈ చర్చ నడుస్తోందో ఊహించుకోండి, వాళ్లని మాత్రం యాడ్ చెయ్యకుండా.

పండితులు చెప్పే కారణాలు తెలిసినవే, ఆదాయం, ఆరోగ్యం, పిల్లలెందరు, ఇల్లెవరి పేరున ఉంది, జోడీ ఉన్నారా పోయారా. ఆడవాళ్లు సగటున ఎక్కువకాలం బతుకుతారు, పైగా మొగుడు సాధారణంగా వయసులో పెద్ద, కాబట్టి ఆఖరికి ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆవిడే. చేతిలో పెన్షనుంటే విడిగా ఉండగలదు, లేకపోతే పిల్లల పంచనే. అన్నీ కరెక్టే, కాదనను.

కానీ నా పరిశీలనలో అన్నిటికన్నా గట్టి కారణం మనవడి వయసు. వాడు పుట్టాడనుకోండి, అమ్మ మోకాళ్లు ప్రయాణానికి భేషుగ్గా ఉన్నాయని అందరికీ అనిపిస్తుంది, "ఒక్కదానివే అక్కడెందుకమ్మా" అని టికెట్ వచ్చేస్తుంది. అదే వాడు స్కూలు నుంచొచ్చి తాళం తనే తీసుకునే వయసొచ్చిందా, ఇంక ఆవిడకి సొంతింటి గాలీ, ఇరుగుపొరుగూ, స్వేచ్ఛా ఎంత ముఖ్యమో కొడుక్కి సడన్‌గా అర్థమైపోతుంది. ఆ తర్వాత చూస్తే అమ్మ గదిలో ఇస్త్రీ టేబులూ ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లూ సెటిలై ఉంటాయి, వాటిని ఎవరింట్లో ఉంచాలని మాత్రం ఎవరూ కొట్టుకోరు.

అలాగని పెద్దవాళ్లనే ఎవరూ అడగలేదనుకోకండి. 1960ల్లో వియన్నాలో ఇద్దరు సోషియాలజిస్టులు ఈ పనే చేశారు, పిల్లలకి దగ్గర్లో ఉండాలి గానీ ఒకే ఇంట్లో వద్దు అన్నది అక్కడ తేలింది, దానికి దూరం నుంచి దగ్గరితనం అని పేరు కూడా పెట్టారు. పిల్లలు దీన్ని ఎంతో గౌరవించి దూరం వరకు అమలు చేసేశారు, దగ్గరితనం ఫోన్ రీఛార్జి రూపంలో వెళ్తోంది.

మొన్న మా అమ్మ విషయమై నలుగురం వీడియో కాల్ పెట్టుకున్నాం, గంటన్నర. అన్నయ్య ఎక్సెల్ షీట్లో నెలల వారీ వాటాలేశాడు, నేను పెద్దమనసుతో ఫిబ్రవరి తీసుకున్నా, లీపు సంవత్సరమొస్తే మళ్లీ కూర్చుందామని షరతు మీద. అమ్మ మధ్యలో ఒకే ఒక్క మాట అడిగింది, ఎవరింట్లోనైనా బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఉందా అని. ఒక్కసారి జారిపడితే ఏ ఏర్పాటైనా తలకిందులే కదా, పాయింటు మంచిదే, అందుకే మినిట్స్‌లో రాసుకున్నాం, ఆఖర్న, అధ్యక్షులవారి అనుమతితో చర్చించదగు ఇతర విషయాలు అన్న చోట.