వినతిపత్రంలో మన పిల్లల పేర్లు ఉండాలి

చెన్నైలో తెలుగు చదువుల గురించి మన సంఘాలు ప్రభుత్వానికి రాసే వినతిపత్రాలు దాదాపు అన్నీ తెలుగు మాధుర్యంతో మొదలై, ఈ నగరంతో మన పూర్వీకుల అనుబంధం మీదుగా, పొట్టి శ్రీరాములు గారి త్యాగం దగ్గర ముగుస్తాయి. చదివితే మన గుండె కరుగుతుంది. కానీ నిర్ణయం తీసుకోవలసిన అధికారి తెలుగువారే కానక్కర లేదు.

ఎదుటివారిని ఒప్పించడానికి మాట్లాడేవారి శీలం, వినేవారిలో కలిగే ఉద్వేగం, విషయంలోని తర్కం అనే మూడు సాధనాలున్నాయని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పాడు. వీటిలో శీలమే దాదాపు అన్నిటికన్నా బలమైనదన్నాడు. అయితే ఆ నమ్మకం వక్తకు ముందే ఉన్న పేరు వల్ల కాక ప్రసంగం వల్లనే కలగాలని కూడా అన్నాడు. ఈ రెండో మాటతో నేను ఏకీభవించలేను (ఎవరు చెప్పారో తెలుసుకోకుండా ఏం చెప్పారో వినేవారు మనలో ఎందరు?).

శ్రీరాములు గారినే తీసుకుందాం. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట దీక్షకు కూర్చుని, 58వ రోజైన డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఆయన, 1946లోనే నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష చేసినవారు. డిసెంబరు 19న నెహ్రూ చేసిన ఆంధ్ర రాష్ట్ర ప్రకటనకు ఆ మరణం తర్వాత చెలరేగిన ఆందోళనలే కారణమనే వాదనలో నిజముంది. అయినా జనం అంతగా కదలడానికి ఆయన బతికిన తీరు కూడా కారణమని నా నమ్మకం. మనం ఆ శీలాన్ని పక్కన పెట్టి, కన్నీళ్ల కోసమే ఆయన పేరు వాడుకుంటున్నాం.

తర్కానికి కావలసిన ఆధారం మనకు లేకపోలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని, 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టాన్ని వ్యతిరేకించకుండానే, తమిళంతో పాటు తెలుగూ నేర్పమని ఈ అధికరణం ఆధారంగా అడగవచ్చు.

అయితే "మీ పిల్లలు బడిలో తెలుగు చదువుతున్నారా?" అని అధికారి అడిగితే, మార్కుల కోసం ఫ్రెంచో సంస్కృతమో ఇప్పించిన పెద్దలు ఏం చెబుతారు? ఈసారి వినతిపత్రానికి తెలుగు చదవడానికి సిద్ధంగా ఉన్న పిల్లల పేర్లను, బడుల వారీగా, తరగతుల వారీగా, తల్లిదండ్రుల సంతకాలతో జతచేద్దాం. ఆ జాబితాలో కార్యవర్గ సభ్యుల ఇళ్లలోని పిల్లల పేర్లు ముందుండాలి.