బెల్లార్మినో గెలీలియోను కాల్చించలేదు

ఈ వారంలో నలుగురు మిత్రులు నాకు ఒకే సందేశం పంపారు. కాథలిక్ చర్చి ఉన్నతాధికారి అయిన కార్డినల్ రాబర్ట్ బెల్లార్మినో టెలిస్కోపులోకి చూడనని మొండికేశాడనీ, పోప్ చేతిలో కీలుబొమ్మ అనీ, గెలీలియోను చిత్రహింసలు పెట్టించి సజీవదహనం చేయించాడనీ అందులో ఉంది.

కీలుబొమ్మ అన్న మాట నిలవదు. లౌకిక వ్యవహారాలలో పోప్‌కు ప్రత్యక్షాధికారం లేదని రాసినందుకే 1590లో ఐదవ సిక్స్‌టస్ బెల్లార్మినో గ్రంథాన్ని చర్చి నిషిద్ధ పుస్తకాల జాబితాలో చేర్పించాడు. ఆ పోప్ మరణంతో అది ఆగిపోయింది. టెలిస్కోపు మాట అంతకన్నా తప్పు. 1611 ఏప్రిల్ 19న రోములోని చర్చి విద్యాలయమైన కొలేజియో రొమానో గణితజ్ఞులకు రాసిన లేఖలో, చంద్రుడి విషయంలోనూ శుక్రుడి విషయంలోనూ ఎంతో అద్భుతమైన సంగతులను ఆ పరికరంతో తానూ చూశానని ఆయనే చెప్పాడు.

ఇక సజీవదహనం. బెల్లార్మినో 1621లో కన్నుమూశాడు, చర్చి న్యాయస్థానంలో గెలీలియో విచారణ 1633లో జరిగింది. చనిపోయిన పన్నెండేళ్లకు ఆయన సమాధిలోంచి లేచివచ్చి నిప్పంటించాడా? గెలీలియో 1642లో ఫ్లోరెన్స్ దగ్గరి ఆర్చేత్రిలోని తన ఇంట్లో, గృహనిర్బంధంలో మరణించాడు. 1616 ఫిబ్రవరి 26న బెల్లార్మినో ఆయనను తన నివాసానికి పిలిపించి, సూర్యుడు కదలడనీ భూమి తిరుగుతుందనీ చెప్పే సిద్ధాంతాన్ని విడిచిపెట్టమని హెచ్చరించిన మాట నిజమే. అయితే గెలీలియో ప్రమాణపూర్వకంగా తన అభిప్రాయాన్ని వదులుకున్నాడని, శిక్ష కూడా అనుభవించాడని వదంతులు పుట్టినప్పుడు, మే 26న తన చేతితోనే ఒక ధ్రువపత్రం రాసి, అలాంటిదేమీ జరగలేదనీ, సిద్ధాంతం గురించి వెలువడిన ప్రకటనను మాత్రమే తెలియజేశామనీ అందులో స్పష్టం చేశాడు. పదిహేడేళ్ల తరువాత విచారణ ఎదుర్కొన్నప్పుడు గెలీలియో తన రక్షణ కోసం న్యాయనిర్ణేతల ముందు ఉంచిన కాగితం అదే. తనను కాల్చించినవాడి సంతకాన్ని ఎవరైనా రక్షణగా చూపించుకుంటారా?

బెల్లార్మినో నిర్దోషి అని నేను అనడం లేదు. 1616లో ఆయన పట్టిన పక్షం తప్పు. అంతకన్నా పెద్ద మచ్చ మరొకటి ఉంది. 1600 ఫిబ్రవరి 17న రోములోని కాంపో దె ఫియోరీలో తత్వవేత్త జోర్డానో బ్రూనోను బతికుండగానే కాల్చారు. ఆయనకు శిక్ష విధించిన కార్డినళ్లలో బెల్లార్మినో ఒకడు. దానికి నాకు ఏ సమర్థనా కనబడలేదు, వెదకను కూడా. ఆ సందేశంలో గెలీలియో పేరుకు బదులు బ్రూనో పేరు ఉండి ఉంటే, ఆ ఒక్క వాక్యానికి నేను ఎదురు చెప్పేవాణ్ణి కాను.