చౌక డాగ్ ఫుడ్: తప్పు ధరలో లేదు, లేబుల్ మౌనంలో ఉంది

తక్కువ ధరకు అమ్మే డ్రై డాగ్ ఫుడ్ బ్రాండు ఏది కనిపించినా మొదట వినిపించే మాట ఒక్కటే: ఇంత చౌకగా ఇస్తున్నారంటే అందులో ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు? అనుమానం సహజమైనదే. కానీ అది పూర్తిగా ధర మీదికే మళ్లడం వల్ల, ఖరీదైన సంచి మీద పడవలసిన ప్రశ్నలు పడకుండా పోతున్నాయి. చౌక సంచి మీద పడవలసిన అసలైన ప్రశ్న కూడా మరుగున పడుతోంది. ఒక బడ్జెట్ బ్రాండును కొనవచ్చా లేదా అన్నది దాని ధర తేల్చదు, సంచి మీది బొమ్మలూ తేల్చవు. తయారీదారు తన ఆహారం గురించి ఏ లెక్కలు బయటపెడుతున్నాడు, ఏవి దాస్తున్నాడు అన్నదే తేల్చాలని, ఈ కొలతకు నిలబడే చౌక బ్రాండు ఏదైనా ఉంటే దాన్ని నిస్సంకోచంగా కొనవచ్చని నా వాదన.

డ్రై ఫుడ్ తయారీ విధానం పాఠకులకు కొత్త కాదు. ధాన్యం పిండిని, మాంసం పొడిని, ఖనిజాలను, విటమిన్లను కలిపి, ఆవిరితోనూ ఒత్తిడితోనూ ఉడికించి, అచ్చు గుండా నెట్టి, ఉబ్బి వచ్చిన గుళికలను ఆరబెడతారు. ఆ తరువాత వాటి మీద కొవ్వును, జంతు కణజాలం నుంచి తీసిన రుచికారక ద్రవాన్ని చల్లుతారు. ఈ చివరి దశను గుర్తుంచుకోవాలి. గిన్నె పెట్టగానే కుక్క ఆవురావురుమని తినేసిందంటే ఆ పైపూత దానికి నచ్చిందని మాత్రమే అర్థం. గుళిక లోపల ఉన్న పోషకాల గురించి ఆ ఆత్రం ఏమీ చెప్పదు. అయినా కొనేవారు రాసే అభిప్రాయాల్లో సగానికి సగం "మా కుక్క ఇష్టంగా తింటోంది" అన్న వాక్యంతోనే ముగుస్తాయి.

ఇప్పుడు ఒక సాధారణమైన చౌక సంచిని తిప్పి వెనుక వైపు చూద్దాం. మాంసకృత్తులు 20 శాతం, కొవ్వు 8, పీచు 4, తేమ 10 అని ఉందనుకుందాం. పిండిపదార్థం ఎంతో రాయరు. బూడిద అనబడే ఖనిజాల వాటా కూడా తరచుగా రాయరు. బూడిదను 8గా తీసుకుని అన్నింటినీ 100 నుంచి తీసివేస్తే మిగిలే 50 శాతమూ పిండిపదార్థమే. సంచిలో సగం పిండి అన్నమాట. వినగానే గుండె గుభేలుమంటుంది కానీ, కుక్క తోడేలు కాదు. 2013లో వెలువడిన జన్యు పరిశోధన, పిండిని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేళ్లకన్నా కుక్కల్లో చాలా ఎక్కువగా ఉన్నాయని చూపింది. బాగా ఉడికిన పిండిని ఆరోగ్యంగా ఉన్న కుక్క చక్కగా అరిగించుకుంటుంది. ఇక మాంసకృత్తుల సంగతి. అమెరికాలో పశువుల మేత, పెంపుడు జంతువుల ఆహారం ప్రమాణాలను రూపొందించే ఆఫ్కో సంస్థ, ఎదిగిన కుక్కకు తేమ తీసేసిన లెక్కలో కనీసం 18 శాతం మాంసకృత్తులు, 5.5 శాతం కొవ్వు ఉండాలంటుంది. మన సంచిలోని 20 శాతం, తేమ తీసేస్తే 22.2 అవుతుంది. ఎదిగిన కుక్కకు ఆ కనీసాన్ని సులువుగా దాటినట్టే.

అదే సంచిని కుక్కపిల్లకు పెడితే మాత్రం తప్పే. పెరిగే పిల్లలకు కనీసం 22.5 శాతం మాంసకృత్తులు, 8.5 శాతం కొవ్వు, 1.2 శాతం కాల్షియం కావాలి. పెద్ద జాతి పిల్లలకైతే కాల్షియం 1.8 శాతం దాటడమూ ప్రమాదమే, ఎముకలు వంకరపోతాయి. అందుచేత "అన్ని వయసుల కుక్కలకు" అని ముందువైపు పెద్ద అక్షరాల్లో రాసి, వెనుక కాల్షియం ఎంతో చెప్పని బ్రాండును, ధర ఎంతైనా సరే, పిల్లల విషయంలో నమ్మకూడదు. "సంపూర్ణ, సమతుల ఆహారం" అన్న ప్రకటన ఏ వయసుకు వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవవలసింది ఆ వాక్యాన్నే.

పదార్థాల జాబితా దగ్గర జనం ఎక్కువసేపు ఆగుతారు, ఎక్కువగా మోసపోయేదీ అక్కడే. జాబితాను వండకముందు ఉన్న బరువుల క్రమంలో రాస్తారు. తాజా కోడిమాంసంలో దాదాపు మూడింట రెండు వంతులకు పైగా నీరే కాబట్టి, మొదటి స్థానంలో "కోడిమాంసం" అని గర్వంగా రాసిన ఖరీదైన ఆహారంలో, ఆరబెట్టాక మిగిలే మాంసం వాటా, మూడో స్థానంలో "చికెన్ మీల్" అని రాసిన చౌక ఆహారంలో కన్నా తక్కువ కావచ్చు. చికెన్ మీల్ అంటే ముందే నీరు, కొవ్వు తీసేసి పొడి చేసిన మాంసం. ఇంకో ఉపాయం, ఒకే మొక్కజొన్నను మొక్కజొన్నగా, దాని గ్లూటెన్‌గా (గింజలోంచి తీసిన మాంసకృత్తుల భాగం), దాని తవుడుగా మూడు చోట్ల విడదీసి రాయడం. అప్పుడు ఏ ఒక్కటీ జాబితా తలకెక్కదు. ఇక ఉపఉత్పత్తులు అన్న మాట చూసి ముఖం చిట్లించేవారికి ఒక మాట చెప్పాలి. కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం, ఊపిరితిత్తులు ఆ కోవలోకే వస్తాయి. వేటాడే జంతువు ముందుగా తినేది కూడా వాటినే.

ధర ఎక్కువైతే భద్రత ఎక్కువన్న నమ్మకాన్ని గత రెండు దశాబ్దాల చరిత్ర ఏమాత్రం బలపరచదు. 2007లో మెనూ ఫుడ్స్ అనే సంస్థ 6 కోట్లకు పైగా డబ్బాలను, పౌచ్‌లను వెనక్కి పిలిచింది. చౌకవీ ఖరీదైనవీ పదుల సంఖ్యలో బ్రాండ్లు ఆ ఒక్క సంస్థ దగ్గరే తయారవుతున్నాయని చాలామంది యజమానులకు అప్పుడే తెలిసింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో, ప్లాస్టిక్ తయారీలో వాడే మెలమైన్ అనే రసాయనాన్ని కలిపారు. ఎందుకు కలిపారంటే, ప్రయోగశాలలు మాంసకృత్తులను నేరుగా కొలవవు. వాటిలో ఉండే నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తాయి. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. కాగితం మీద మాంసకృత్తులు పెరిగాయి, కుక్కల, పిల్లుల మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకున్నాయి. 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు మీద విచారణ మొదలుపెట్టినప్పుడు వేలు చూపినది, ధాన్యం లేదన్న గొప్పతో బఠానీలు, పప్పులు దట్టించి అమ్మే ఆహారాల వైపు. కారణ సంబంధాన్ని తేల్చేంత ఆధారం లేదని 2022 చివరలో ఆ సంస్థే చెప్పింది కానీ, అధిక ధర పెట్టి ధాన్యం లేని సంచి కొన్నవారికి అదనపు ఆరోగ్యం దక్కిందన్న రుజువు కూడా ఎక్కడా లేదు. 2019లో పశువైద్యులు సిఫారసు చేసే హిల్స్ సంస్థ డబ్బా ఆహారాల్లో విటమిన్ డి మోతాదు మించిపోయి, వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అవతలి పక్షం వాదనలో బలం లేదనను. ఖరీదైన ఆహారంలో కేలరీలు చిక్కగా ఉంటాయి, అరుగుదల మెరుగ్గా ఉంటుంది, కాబట్టి కుక్క తక్కువ తింటుంది, చివరికి ఖర్చు సమానమవుతుంది అంటారు. మొదటి రెండు మాటలు చాలాసార్లు నిజం. మూడోది లెక్క వేసి చూడవలసిన మాట, ఎవరూ వేయని లెక్క.

వేద్దాం. 10 కిలోల బరువున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 630 కేలరీలు కావాలి. మాంసకృత్తులకు, పిండికి గ్రాముకు 3.5, కొవ్వుకు 8.5 కేలరీల చొప్పున లెక్కిస్తే మన చౌక సంచిలో కిలోకు 3,130 కేలరీలు వస్తాయి. మాంసకృత్తులు 26, కొవ్వు 15, పీచు 3, తేమ 10, బూడిద 7 శాతం ఉన్న ఖరీదైన ఆహారంలో 3,550 వస్తాయి. అంటే మొదటిది రోజుకు 201 గ్రాములు, రెండోది 177 గ్రాములు. తేడా 24 గ్రాములు. ఖరీదైన సంచి ధర రెట్టింపు అయితే రోజు ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చౌక ఆహారం అరుగుదల పదో వంతు తక్కువనుకుని మరో 20 గ్రాములు కలిపినా ఆ అంతరం పూడదు. ధర తేడా పదిహేను, ఇరవై శాతంలోపు ఉన్నప్పుడు మాత్రమే ఆ వాదన నిలుస్తుంది. కిలో ధర చూసి కొనడం ఎంత పొరపాటో, ఈ లెక్క వేయకుండా "తక్కువ తింటుంది కదా" అని రెట్టింపు చెల్లించడమూ అంతే పొరపాటు.

అయితే చౌక బ్రాండును నేను నిజంగా నిలదీసే చోటు వేరే ఉంది. అది గోదాములోని మొక్కజొన్న. వర్షాభావంలో పండి, తేమ తగిలిన గోదాములో మగ్గిన గింజ మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. గుళికలు ఉడికే వేడికి బూజు చచ్చిపోతుంది, విషం మాత్రం చాలావరకు మిగిలే ఉంటుంది. అది నేరుగా కాలేయం మీద దెబ్బ కొడుతుంది: కుక్క మందగిస్తుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, కళ్ల తెల్లగుడ్లూ చిగుళ్లూ పసుపు తిరుగుతాయి. ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు, అంటే కిలోకు 20 మైక్రోగ్రాములు. 2020 డిసెంబరు చివర్లో స్పోర్ట్‌మిక్స్ అనే బడ్జెట్ బ్రాండు డ్రై ఫుడ్‌లో ఆ హద్దు దాటిన విషం బయటపడింది. మరుసటి నెలకల్లా 110కి పైగా కుక్కలు చనిపోయినట్టు ఎఫ్‌డీఏకు సమాచారం అందింది. ఆ మరణాలన్నింటికీ ఇదే కారణమని నిర్ధారణ కాకపోయినా, ఆహారాన్ని పెద్ద ఎత్తున వెనక్కి పిలవవలసి వచ్చింది.

ఈ విషం లారీలోని గింజలన్నింటికీ సమానంగా పట్టదు. ఒక మూల గుప్పెడు గింజల్లో దట్టంగా ఉండి, పక్కన ఉన్న బస్తాడు గింజల్లో అసలు లేకపోవచ్చు. అందువల్ల ఒక్కచోట గరిటెడు తీసి పరీక్షించి చేతులు దులుపుకోవడం పరీక్ష కిందికి రాదు. లారీ లోతుల్లోంచి పలుచోట్ల నమూనాలు తీసి, కలిపి, మరపట్టి పరీక్షించాలి. తయారైన ప్రతి బ్యాచ్‌నూ మళ్లీ పరీక్షించాలి. ఫలితం వచ్చేదాకా సరుకు కదలకూడదు. దీనికి డబ్బు ఖర్చవుతుంది, గోదాములో చోటు ఖర్చవుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా సమయం ఖర్చవుతుంది. ధర తగ్గించాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు కొనేవారి కంటికి కనబడకుండా కోత పెట్టగలిగిన ఖర్చు ఇదే. మాంసకృత్తులు తగ్గిస్తే లేబుల్ మీద తెలిసిపోతుంది, పరీక్షలు తగ్గిస్తే ఎక్కడా తెలియదు. చౌక బ్రాండులో మొక్కజొన్న ఉందా అన్న ప్రశ్న అనవసరం. ఆ మొక్కజొన్నను ఎవరు, ఎన్నిసార్లు, ఏ దశలో పరీక్షించారన్న ప్రశ్న ప్రాణావసరం.

ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం కొనేవారికి ఇచ్చే సలహా కూడా ఈ దారిలోనే ఉంది. ఆహారాన్ని రూపొందించినది పోషకాహారంలో అర్హత ఉన్నవారేనా, తయారీ సొంత కర్మాగారంలోనా మరొకరి దగ్గరా, నాణ్యత పరీక్షలేమిటి, కేలరీలెన్ని అని సంస్థనే అడగమంటుంది. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే చౌక బ్రాండు, "ఇది మా వ్యాపార రహస్యం" అని దాటవేసే ఖరీదైన బ్రాండు కన్నా నా దృష్టిలో ఎన్నో రెట్లు మేలు.

కానీ ఒక మామూలు మనిషి సంస్థకు ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూసి, ఆ తరువాత సంచి కొనుక్కోవాలా? ఈ స్థితి రావడమే లేబుల్ నిబంధనల వైఫల్యం. ఆహారం ఎంత శాతం అరుగుతుందో చెప్పే అంకె తయారీదారు దగ్గర ఉన్నా, దాన్ని సంచి మీద ముద్రించమని సాధారణంగా ఎవరూ బలవంతం చేయరు. ఈ ఒక్క అంకె ఎంత విలువైనదో చూడండి. అరుగుదల 90 శాతం నుంచి 80కి పడిపోతే తగ్గింది పదే అనిపిస్తుంది; అరగకుండా బయటికి పోయేది మాత్రం 10 నుంచి 20కి, అంటే సరిగ్గా రెట్టింపు అవుతుంది. చౌక ఆహారానికి మారిన కొద్ది రోజుల్లోనే మలం పరిమాణం బాగా పెరిగి, మెత్తబడి, రోజుకు రెండుసార్లు వెళ్లే కుక్క నాలుగుసార్లు వెళుతోందంటే, సంస్థ ముద్రించని ఆ అంకెను కుక్క ముద్రించినట్టే. ప్రభుత్వాలు చేయవలసిన పనిని యజమాని పార పట్టుకుని చేసుకుంటున్నాడు. అరుగుదల శాతం, పిండి శాతం, కిలోకు కేలరీలు, బ్యాచ్‌వారీ విష పరీక్ష ఫలితం: ఇవి సంచి మీద తప్పనిసరి అయిన రోజున, ధరను నాణ్యతకు రుజువుగా చూపించే వ్యాపారం చాలావరకు మూతపడుతుంది. పెద్ద బ్రాండ్లు ఈ పారదర్శకతను తమంతట తాముగా కోరకపోవడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం.

బ్రాండు గురించి ఇంత తర్జనభర్జన పడేవారు గిన్నెలో వేసే మోతాదు గురించి అంత ఆలోచించరు. ఒక డాగ్ ఫుడ్ కంపెనీయే నడిపి 2002లో ప్రచురించిన దీర్ఘకాల అధ్యయనంలో, 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. రెండింటిదీ అదే ఆహారం, అదే సంచి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు బతికాయి. తక్కువ తిన్నవాటికి కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. దాదాపు రెండేళ్ల ఆయుష్షు కేవలం కొలతలో ఉంది. బ్రాండు మార్చి అంత ఫలితం సాధించినట్టు చూపిన అధ్యయనం నాకు తెలిసి లేదు.

కాబట్టి ఒక బడ్జెట్ బ్రాండును తూచేవారు చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. వయసుకు తగిన సంపూర్ణ ఆహారమన్న ప్రకటన, కేలరీల అంకె ఉన్నాయో లేదో చూడాలి. ధాన్యపు పరీక్షల గురించి సంస్థను ఒక్కసారి రాతపూర్వకంగా అడగాలి. జవాబు నిర్దిష్టంగా వస్తే, నెల రోజుల్లో ఖాళీ అయ్యే చిన్న సంచి కొని, పాత ఆహారంలో వారం పాటు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చి, తక్కెడలో తూచి పెట్టాలి. మలం, బరువు, వెంట్రుకల నిగారింపు రెండు నెలలు గమనించాలి. జవాబు రాకపోతే, లేదా "అత్యున్నత ప్రమాణాలు పాటిస్తున్నాం" అన్న ఒక్క వాక్యం వస్తే, సగం ధరకు ఇచ్చినా ఆ సంచిని దుకాణంలోనే వదిలేయాలి.